వెండితెరపై శ్రీకృష్ణతులాభారము: ఒక పునర్విచారము

తెలుగునాట సంగీతప్రధానమైన నాటకము చలనచిత్రముగా మాఱినప్పుడెల్ల విమర్శకుల వద్ద రెండు తీర్పులు సిద్ధముగా నుండుట పరిపాటి. చిత్రకారుడు నాటకమును విడిచి నడచెనేని అది మూలద్రోహము. విడువక పట్టుకొని నడచెనేని అది తెరపై కెక్కించిన నాటకము, అనగా కళాఖండము కాదని భావము. మొదటి నింద పొందిన చిత్రములను సమర్థించుటకు ఎవరో యొకరు దొరకుచునే యున్నారు. స్వతంత్రతకు మన కాలమున గౌరవము మెండు. రెండవ నిందకు గుఱియైన చిత్రములకు మాత్రము వకాలతు పుచ్చుకొనువారు లేరు. అట్టివానిలో ఒకదానిని గూర్చి, 1966లో వెలువడిన 'శ్రీకృష్ణతులాభారము'ను గూర్చి, ఈ వ్యాసమున విచారింప దలచితిని.

ఈ చిత్రమును జనులు మఱచిరని నేననుట లేదు. అందలి పాటలు నేటికిని వినబడుచునే యున్నవి. అయితే జనాదరము వేఱు, విమర్శకుల మన్నన వేఱు. తెలుగు పౌరాణికచిత్రములను గూర్చి విద్వాంసులు ముచ్చటించునపుడు 'మాయాబజారు'ను, 'నర్తనశాల'ను విప్పి విప్పి చెప్పుదురు. తులాభారము కడకు వచ్చునప్పటికి ఒక పాటను, ఒక తాపును పేర్కొని ముందునకు సాగుదురు. సాహిత్యశాఖలవారమైన మనము ఇంకొక మెట్టు దిగితిమి. నంది తిమ్మన ప్రబంధమును బోధించుచు, సత్యభామ పాదతాడనఘట్టము కడ చిత్రమును తలచి చిఱునవ్వు నవ్వి ఊరకుందుము. ఆ చిఱునవ్వునకు ఆధారమేమో పరిశీలించిన వారు నాకు కనబడలేదు.

చిత్రమును గూర్చిన సంగతులు ముందుగా చెప్పవలెను. సురేష్ ప్రొడక్షన్సు పక్షమున డి. రామానాయుడు నిర్మింపగా, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వము వహించినారు. సంగీతము పెండ్యాల నాగేశ్వరరావు. శ్రీకృష్ణుడుగా నందమూరి తారకరామారావు, సత్యభామగా జమున, రుక్మిణిగా అంజలీదేవి, నారదుడుగా కాంతారావు నటించినారు. ఈ కథ తెరకెక్కుట అదే మొదలు కాదు. 1935లోనే ఇదే పేరుతో ఒక చిత్రము వచ్చినది. ఋష్యేంద్రమణి అందు సత్యభామ. కాంచనమాల తొలిసారి తెరపై కనబడినదియు అందే. 1955లో మఱియొక తులాభారము వచ్చినది. కావున 1966 నాటికి ఈ వస్తువు రంగస్థలముననే గాక తెరపైనను నలిగియున్నది. నలిగిన వస్తువును చేపట్టినవానికి క్రొత్తదనపు కీర్తి రాదు. ఉన్న సామగ్రిని ఎట్లు అమర్చినాడనుటయే అతనిని పరీక్షించు గీటురాయి.

ఆ సామగ్రి మూడు త్రోవల వచ్చినది. హరివంశమున పారిజాతకథయు, సత్యభామ చేసిన పుణ్యకవ్రతమును, ఆమె భర్తను నారదునకు దానమిచ్చి తిరిగి పొందుటయు కలవు. తిమ్మన పారిజాతాపహరణము ఈ కథనే గ్రహించి, ప్రణయకోపమును దానికి గుండెగా చేసినది. ఆ కావ్యాంతమునను పుణ్యకవ్రతము కలదు. కాని త్రాసు లేదు, తులసిదళము లేదు. అవి భక్తజనుల నోళ్లలో పెరిగి రంగస్థలమునకు వచ్చినవి. ముత్తరాజు సుబ్బారావుగారి 'శ్రీకృష్ణతులాభారము' నాటకము ఈ రెండు పాయలను కలిపినది. మూడవ త్రోవ నాటకసమాజములది. నటులును, పాటలు కట్టువారును ప్రదర్శనావసరములనుబట్టి చేర్చిన పాటలు నాటకముతో కలిసిపోయినవి. ముద్రితనాటకమును మాత్రమే చదివిన పండితుడు తులాభారమును సగమే చదివినవాడగును.

ఈ మూడు పాయలను కలిపి చూచినచో కథకు నడుమ నున్న ప్రశ్న యొకటి బయటపడును. దానము చేయుటకు వస్తువు తనదై యుండవలెను గదా! సత్యభామ కృష్ణుని దానమిచ్చినది. అట్లయిన కృష్ణుడు ఆమె సొత్తా? ఈ ప్రశ్నను తిమ్మన సరసముగా స్పృశించి విడిచినాడు. రంగస్థలము దానిని పాటలలో చెదరగొట్టినది. చిత్రము ఆ చెదరిన పాటలను వరుసపఱచి ప్రశ్నను నిలువున నిలబెట్టినదని నా వాదము. సత్యభామ తన ఆనతిని కృష్ణుడు జవదాటజాలడని గర్వించు పాట యొకటి. నారదుడు కృష్ణుని అంగడికెక్కించి అమ్మజూపు పాట యొకటి. చివర త్రాసు. స్వామ్యము, విక్రయము, తూనిక. వర్తకుడెవ్వడైనను ఒక సరకుతో చేయు పనులివే. భగవంతుని ఈ మూడు పనులకును లోబఱచి, మూడింటను సరకుగా చూపి, చివర ఒక ఆకుతో లెక్క తప్పించుట ఈ కథలోని చమత్కారము.

మొదటి పాట 'మీరజాలగలడా'. దీనిని స్థానం నరసింహారావుగారు తామే కూర్చుకొని, తామే పాడి, తామే అభినయించినారు. 1902లో బాపట్లలో జన్మించి, 1920లో చంద్రమతి వేషముతో రంగమెక్కి, తెనాలి శ్రీరామవిలాససభలో పేరు గడించి, 1956లో పద్మశ్రీ పొందిన ఆ మహానటుని సత్యభామను నా తరమువారు చూడలేదు. వారు 1971లో గతించినారు. చూచినవారి మాటలు మాత్రము వింటిమి. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అని కేకలు వేయ, ఒకే పాటను మరల మరల పాడుచు, పాడినప్పుడెల్ల అభినయమును మార్చెడివారట. ఒకసారి గర్వము, ఒకసారి లాలన, ఒకసారి పరిహాసము. పురుషుడు స్త్రీవేషమున నున్నాడను ఎఱుక ప్రేక్షకుని మనస్సున ఒక మూల మెదలుచునే యుండును. ఆ ఎఱుకను నిమిషనిమిషము మఱపించుట ఆ నటుని విజయము. ఆ ఆనందములో సగము ఈ మఱపునకు చెందినది.

చిత్రమునకు ఈ సంపద సంక్రమించునా? సంక్రమింపదు. తెరపై సత్యభామ స్త్రీయే. పాడిన గళము ఆమెది కాదు, పి. సుశీలది. అభినయము జమునది. స్థానమువారి యందు ఒక్క దేహమున నుండిన కవి, గాయకుడు, నటుడు ఇచ్చట ముగ్గురైరి. 'స్థానము లేని మీరజాలగలడా యేమి పాట?' అని పెదవి విఱచువారి బాధ ఇదియే. ఆ బాధను నేను తేలిక చేయను. ఇట్టిదే పాశ్చాత్యదేశములందును జరిగినది. 'మై ఫెయిర్ లేడీ' అను సంగీతనాటకము 1964లో చిత్రమైనపుడు, రంగస్థలమున ఆ పాత్రకు ప్రాణము పోసిన జూలీ ఆండ్రూసును కాదని ఆడ్రే హెప్‌బర్నును తీసికొన్నారు. ఆమె పాటలలో అధికభాగమును మార్నీ నిక్సన్ గళమున వినిపించినారు. చిత్రమునకు ఎనిమిది ఆస్కారు బహుమతులు వచ్చినను హెప్‌బర్ను పేరు ఆ పోటీకే ఎక్కలేదు. ఎరువు గళము అచ్చట తప్పయినది. మనకు నేపథ్యగానము అలవాటయిన ధర్మము గావున ఆ తప్పు ఎవ్వరును ఎంచరు. ఎంచవలసిన దింకొకటి కలదు. విడిపోయిన ఆ మూడు శక్తులు తెరపై మరల ఒక వ్యక్తిగా కూడినవా, లేదా?

కూడినవనియే నా నిశ్చయము. సుశీల ఆ పాటను గర్వముగా పాడలేదు, నిశ్చింతగా పాడినారు. తన మాట సాగునా యను శంకయే లేనివారి గళమది. జమున దానిపై గర్వమును అభినయముతో వేసినారు. తల యెత్తు, కనుకొలకుల చూపు, నడకలో విలాసము, ఇవి కూచిపూడి భామాకలాపము నుండి తెలుగువారి కంటికి అలవడిన సత్యభామ గుర్తులు. గళమున నిశ్చింత, ముఖమున గర్వము. ఈ రెండింటికి నడుమ నున్న చిన్న యెడములో ప్రేక్షకునకు ఒక సంగతి తోచును: ఈమెకు తన స్థితి తెలియదు. స్థానమువారు పలుమారులు పాడి, పలుభావములు చూపి సాధించినదానిని చిత్రము ఒక్కమారు పాడి సాధింపవలసియున్నది. తెరపై నటికి 'వన్స్ మోర్' అనువారి మొఱ వినబడదు. ఆ నిర్బంధమునకు లోబడి పుట్టిన ఉపాయమిది.

ఇచ్చట ఒక చిన్న ముచ్చట. స్థానమువారు స్వయముగా 'సత్యభామ' అను చిత్రమున నటించినారు. రంగస్థలమున పదుగురి కన్నులను కట్టివేసిన వేషము కెమెరాకు చిక్కినపుడు ఏమగునో ఊహింపవచ్చును. ఆ చిత్రము వారి కీర్తికి క్రొత్తగా చేర్చినది లేదు. పెట్రోమాక్సు వెలుతురున, పది గజముల దూరమున నిలిచిన సౌందర్యము వేఱు, కెమెరా ముఖమును సమీపించి చూచు సౌందర్యము వేఱు. కావున 1966లో స్థానమును అనుకరింపక, పాటను గ్రహించి పద్ధతిని విడుచుటయే స్థానమువారి యెడల చిత్రము చూపిన గౌరవము.

జమున దుగ్గిరాలలో పెరిగినవారు. తెనాలి రంగస్థలపు గాలి అచ్చటికి వీచుచుండినది. ఆమెను 'మాభూమి' నాటకమున చూచి గరికపాటి రాజారావు 'పుట్టిల్లు' చిత్రమునకు తీసికొన్నారు. నల్లగొండ మండలపు రైతుల పోరాటమును వస్తువుగా గొనిన నాటకమది. 1957లో 'వినాయకచవితి' చిత్రమున ఆమె సత్యభామ వేషము ధరించియున్నారు. అనగా తులాభారము నాటికి ఈ పాత్ర ఆమెకు క్రొత్తది కాదు. 2023లో ఆమె గతించినపుడు పత్రికలన్నియు 'తెలుగువారి సత్యభామ' అని వ్రాసినవి. మంచిదే. కాని ఆ బిరుదును కాలితాపునకు కుదించుట అన్యాయము.

ఆ తాపు మాట వచ్చినది గనుక రెండు మాటలు. కృష్ణదేవరాయలకును తిరుమలదేవికిని వచ్చిన పొరపొచ్చెమును తీర్చుటకై తిమ్మన ఈ ఘట్టము వ్రాసెనను కథ అందఱెఱిగినదే. కథ నిజమో కాదో గాని, తన్నిన కాలు నొచ్చెనేమో యని తన్నులు తిన్నవాడు చింతించుట తిమ్మన పద్యమునకు ప్రాణము. చిత్రము ఆ పద్యమును ఘంటసాల గళమున యథాతథముగా నిలిపినది. ప్రబంధపద్యమును, రంగస్థలపు పాటను, క్రొత్తగా వ్రాసిన గీతమును ఒకే దృశ్యపరంపరలో ఇముడ్చుట సులభము కాదు. భాష మాఱును, నడక మాఱును. పెండ్యాలవారు నాటకసమాజములందు హార్మోనియము వాయించి పెరిగినవారు. పద్యము ముగిసినచోట పాటను ఎట్లు ఎత్తుకొనవలెనో ఎఱిగినవారు. రంగస్థలమున పద్యమును సాగదీసి రాగాలాపనతో నింపు దురలవాటును మన విమర్శకులు ఏండ్ల తరబడి ఆక్షేపించిరి. ఈ చిత్రమున పద్యము అర్థము చెడకుండ పలికి ఆగును. నాటకాభిమానులకు అది లోటు. నాకు అదియే ఊరట.

చిత్రము తనంత తాను చేర్చినవానిలో నేను మిక్కిలి విలువయిచ్చునది తులసిని ప్రార్థించు పాట. సుశీల, జానకి గళములలో వినవచ్చు ఆ పాటలో పత్ని యొకతె పాడగా, సవతి తన వంతున పాడును. ప్రార్థన ఒకటే, ప్రార్థించువారి మనస్సులు వేఱు. అచ్చటనే చిత్రకథకుల నేర్పు కలదు. నాటకము ఆడునప్పుడు తులసిదళము చివర హఠాత్తుగా వచ్చును. రుక్మిణి భక్తి ఆ క్షణమున బయటపడును. కథ ముందే తెలిసినవారు గనుక ప్రేక్షకులకు అది హఠాత్తుగా తోచదు. తెలియనివానికి తోచును. చిత్రము తులసిని ముందే పాత్రగా చేసినది. సత్యభామయు ఆ తులసికే మ్రొక్కినది. ఆమె మ్రొక్కిన వేల్పే ఆమె బంగారమును ఓడించునది. తులసి చేతులలో సత్యభామ ఓడుటకు ముందే ఆమె తులసి భక్తురాలగుట ఎంత సున్నితమైన కల్పన! దీనిని గుర్తించిన విమర్శ నాకు తారసిల్లలేదు.

ఇక రెండవ పాటకు వత్తము. 'భలే మంచి చౌకబేరము' ఎవరు వ్రాసిరని అడిగినచో పాడువారిలో నూటికి తొంబదిమంది చెప్పలేరు. వ్రాసినవారు చందాల కేశవదాసుగారు. 1876లో నేటి ఖమ్మము జిల్లాలోని జక్కేపల్లిలో జన్మించి 1956లో గతించినారు. కోదాడ సమీపమునందలి తమ్మర గ్రామముతోను వారికి సంబంధము కలదు. హరికథకులు, 'కనకతార' నాటకకర్త, తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'కు పాటలు వ్రాసినవారు. నాటకసమాజములు ఆటకు ముందు ఆలపించు 'పరబ్రహ్మ పరమేశ్వర' ప్రార్థనయు వారి రచనయే. ఇంత చేసినవారికి మన సాహిత్యచరిత్రలలో దక్కిన స్థలము ఎంత? ముద్రితకావ్యము లేనివాడు కవి కాడను దురభిప్రాయము మన శాఖలలో ఇంకను చావలేదు.

ఆ పాట యేమి చేయుచున్నదో చూడుడు. నారదుడు దానముగా వచ్చిన కృష్ణుని వీథిలో నిలిపి అమ్మకమునకు పెట్టినాడు. భక్తికవులు భగవంతుని 'కొనుట'ను గూర్చి చాల చెప్పియున్నారు. అదంతయు రూపకము. కేశవదాసు ఆ రూపకమును తలక్రిందులు చేసి నిజమైన అంగడిని తెచ్చినాడు. సంతలో సరకు అమ్మువాని కేక, సమయము మించినచో దొరకదను తొందర, కొనువానిని రెచ్చగొట్టు ఒడుపు, ఇవన్నియు పాటలో కలవు. హరికథకుడై ఊరూర తిరిగినవానికి సంత తెలియకుండునా? అదే సమయమున ప్రతి మాటకును లోపల వేదాంతార్థము పలుకును. చౌక యనుట సరకును తక్కువ చేయుటయా, కొనువాని అదృష్టమును పొగడుటయా? సంత మాటలలోనే తత్త్వమును చెప్పుట అన్నమయ్య నుండి మనకు అలవడిన త్రోవ. పండితులు దీనిని 'నాటకపు పాట' యని ప్రక్కకు నెట్టిరి.

రంగస్థలమున ఈ పాట పాడు నారదుడు ప్రేక్షకులవైపు తిరిగి పాడును. ప్రేక్షకులే ఆ సంత. కొనువారు మనమే. అది రంగస్థలమునకే చెల్లు బలము. తెరపై అది పోవును, వీథియు జనులును తెరలోనే యుందురు. కాని చిత్రము ఇంకొకటి ఇచ్చును. కేక వేయువానిని, అమ్మకమునకు నిలిచినవానిని ఒకే చట్రమున చూపి, తరువాత ఒక్కొక్కరి ముఖమును చూపగలదు. అమ్మబడుచున్న కృష్ణుని ముఖము ఈ పాటకు రెండవ చరణము వంటిది. రామారావుగారు ఇచ్చట చేసిన దేమనగా, ఏమియు చేయకుండుట. సంభాషణముతోను సన్నివేశముతోను విజృంభించు నటుడు అట్లు తగ్గి నిలుచుట తఱచు చూడము.

కాంతారావు నారదుని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన పౌరాణికచిత్రములందు నారదుడు తఱచు నవ్వులవేషముగా దిగజాఱినాడు. కాంతారావు 'సీతారామకల్యాణము' మొదలగు చిత్రములలో ఆ పాత్రకు గాంభీర్యము తెచ్చినారు. తులాభారమున కథను నడుపునది నారదుడే. పారిజాతమును రుక్మిణికిచ్చి కలహము రేపినది అతడు, వ్రతము చేయించినది అతడు, సంతకు దించినది అతడు. అతడు వట్టి తగవులమారి యైనచో కథ చిల్లరదగును. కాంతారావు ముఖమున కుతూహలము కనబడును గాని కుచ్చితము కనబడదు. ఒక పరీక్షను ఏర్పాటు చేసి ఫలితమునకై ఎదురుచూచువాని వలె నుండును. ఆయన స్వగ్రామము గుడిబండ, కోదాడకు సమీపము. చౌకబేరపు పాట వ్రాసినవారికి కోదాడ ప్రాంతముతో సంబంధము, తెరపై పాడినవారిది కోదాడ ప్రాంతము. నాటి నల్లగొండ, నేటి సూర్యాపేట జిల్లాకు చెందిన ఈ కలయికను గూర్చి మా ప్రాంతమువారే మాటలాడగా నేను వినలేదు. చెన్నపట్టణపు స్టూడియోలో, ఆంధ్రతీరపు నాటకమునుండి పుట్టిన చిత్రమున, తెలంగాణపు కవియు తెలంగాణపు నటుడును ఒక పాట కడ కలిసినారు.

నాటకము తీరాంధ్రులదని, తెలంగాణమునకు అది ఎరువు విద్య యని ఒక మాట కలదు. ఈ వ్యాసకర్త స్వగ్రామము మాడుగులపల్లి. మిర్యాలగూడ మొదలు కోదాడ వఱకు శ్రీరామనవమి పందిళ్లలోను, జాతరలలోను పద్యనాటకము ఆడిన ఊళ్లు ఎన్నియో కలవు. హరిశ్చంద్రుడు కాటిలో పాడు పద్యములు అక్షరము రాని రైతులకు కంఠస్థములు. బాల్యమున మా యింటి యెదుట ధాన్యము తూచువారు కాటా యెత్తునపుడు చౌకబేరపు పాట అందుకొనుట నేను విన్నాను. వారు దానిని సినిమాలో నేర్చిరో, నాటకమున నేర్చిరో అడుగలేదు. అడిగినను వారికి ఆ భేదము తోచియుండదు.

మూడవ ఘట్టము తూనిక. రంగస్థలమున త్రాసు తెరవెనుక త్రాళ్లతో ఆడు ఉపకరణము. అందఱకు తెలియును, అందఱును సమ్మతింతురు. చిత్రమునకు ఈ సమ్మతి లభింపదు. తెరపై త్రాసు నిజముగా నిలువవలెను, బంగారము రాశిగా పడవలెను, అయినను సిబ్బె లేవకుండవలెను. కామేశ్వరరావుగారు ఈ ఘట్టమును తొందరపడక నడపినారు. నగలు ఒక్కొక్కటిగా వచ్చును. సత్యభామ తన ఒంటిపైని వానిని తీయుటతో పాట నాటి గర్వము ఒక్కొక్క అలంకారముగా ఊడివచ్చుచున్నట్లుండును. తన సొత్తనుకొన్నదానిని తన సొత్తంతయు పెట్టి తిరిగి కొనలేకపోవుట! స్వామ్యప్రశ్నకు సమాధానము ఇచ్చట మాటలు లేకయే దొరకినది. తులసిదళమును రుక్మిణి పెట్టునపుడు అది ఎంత చిన్నదో చూపగలుగుట కెమెరాకు మాత్రమే సాధ్యము. నాటకశాలలో వెనుక వరుసల కూర్చున్నవాడు ఆ ఆకును ఏనాడును చూచియుండడు, నమ్మియుండును. ఇది ఛాయాచిత్రితనాటక మనువారు ఈ ఆకునకు సమాధానము చెప్పవలెను.

లోపములు లేవని నేననను. వసంతకుని హాస్యము నాటకమునుండి వచ్చినదే గాని, తెరపై అది కథకు అడ్డుపడుచున్నది. రంగస్థలమున వేషములు మార్చుకొనుటకు సమయము కావలెను గావున విదూషకునకు చోటు దొరకినది. చిత్రమున ఆ యవసరము లేదు. అవసరము తీఱినను ఆచారము మిగిలినది. రుక్మిణి పాత్ర మంచితనమున ఘనీభవించినది. అంజలీదేవి ఉన్నంతలో కాపాడినారు. స్వర్గపు సెట్టింగులు నేటి కంటికి అట్టబొమ్మలుగా తోచును. ఈ మూటిలో మొదటిదానిని మాత్రమే నేను నేరముగా ఎంచుదును.

'నాటకమును ఫొటో తీసిరి' అను నిందను మోసినవాడు ఎవ్వడో గూడ గమనింపవలెను. కామేశ్వరరావుగారు దర్శకులు కాకమునుపు కృష్ణాపత్రికలో చలనచిత్రవిమర్శ వ్రాసినవారు. తెరకు తెరదైన భాష కలదని ఎఱిగి, దానికై వాదించిన తరమువారు. 'నర్తనశాల'ను తీసి చూపినవారు. అట్టివారు 1966లో నాటకమునకు అంత చేరువగా నిలిచినారనిన, చేతగాక నిలిచినారనుట పొసగదు. తెలిసియే నిలిచినారు. ఆనాటికి పద్యనాటకసమాజములు క్షీణించుచున్నవి. స్త్రీవేషధారుల యుగము అంతరించినది. స్థానమువారింకను జీవించియున్నారు, కేశవదాసు పదేండ్ల క్రిందట గతించినారు. పాటలు మాత్రము గాలిలో నున్నవి. ఆ పాటలను మార్చి క్రొత్తవి వ్రాయించుట నిర్మాతకు కష్టము కాదు, పైగా లాభము. చిత్రము వానిని వారి మాటలతోనే నిలిపి, చుట్టును తన కల్పన నల్లినది. ఇది వ్యాఖ్యాత చేయు పని. మూలశ్లోకమును మార్చక, దాని ప్రక్కన తన వాక్యమును పేర్చి అర్థమును వెలిగించు పని. మల్లినాథుని చదివి గౌరవించు మనకు ఈ పద్ధతి అపరిచితము కారాదు.

గ్రంథమునకు ముద్రణ యుండును గావున పాఠపరిష్కారము మనకు అలవాటు. నాటకపు పాటకు ముద్రణ లేదు. ఉన్నను వరుస యుండదు. గ్రామఫోను రికార్డులు కొన్ని మిగిలినవి, పెక్కు పగిలినవి. ఈ స్థితిలో తులాభారచిత్రము రెండు పాటలకు పాఠమును, ప్రయోగమును, సందర్భమును ఒకచోట భద్రపఱచిన ప్రతి. సాహిత్యశాఖవారు తిమ్మనతో పాటు దీనిని గదిలో ప్రదర్శించి, హరివంశము, ప్రబంధము, నాటకము, చిత్రము అను నాలుగు దశలను ప్రక్కప్రక్కన పెట్టి చదివింపవచ్చును. విద్యార్థికి కథాపరిణామము ఇంత స్పష్టముగా కనబడు ఉదాహరణము తెలుగున అరుదు.

2018లో చౌకబేరపు పాట పల్లవియే పేరుగా ఒక క్రొత్త చిత్రము వచ్చినది. ఆ పేరు ఎక్కడిదో అడిగినవారికి కొందఱు సినిమా పాట యనిరి, కొందఱు పాత సామెత యనిరి. నేడు మా ప్రాంతపు పందిళ్లలో తులాభారము ఆడు యువకులు సత్యభామ పాటను సుశీల విఱుపులతోనే పాడుచున్నారు. హార్మోనియము వాయించు వృద్ధుడు మాత్రము పల్లవి ముగిసినంతనే ఆగి, జనము 'వన్స్ మోర్' అందురేమోనని ఒక క్షణము చూచి, మరల అందుకొనును.